భయం, అలవాటు, ఊరట: ప్రవర్తన చికిత్సను ఆచరణలో పెట్టడం ఎలా

ఏడో అంతస్తులో పనిచేసే ఒక ఉద్యోగిని ప్రతి ఉదయం లిఫ్టు ముందు నిలబడుతుంది. తలుపులు తెరుచుకొంటాయి. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమరుస్తాయి, లోపల ఇరుక్కుపోతే ఊపిరాడదన్న ఆలోచన వస్తుంది. ఏదో గుర్తొచ్చినట్టు ఫోను తీసి చూసుకొంటూ పక్కకు జరిగి మెట్లవైపు తిరుగుతుంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికే గుండె కుదుటపడుతుంది. ఏడంతస్తులు ఎక్కి ఆయాసపడినా, ఆ క్షణంలో కలిగిన ఊరట ముందు ఆ ఆయాసం ఆమెకు లెక్కలోకి రాదు. ప్రవర్తన చికిత్స, అంటే బిహేవియర్ థెరపీ, ఆమె భయం కన్నా ముందు ఆ ఊరటను పట్టించుకొంటుంది. మరునాడు ఆమెను మళ్ళీ మెట్లవైపు నడిపించేది అదే కాబట్టి. తప్పించుకొన్న ప్రతిసారీ భయానికి కూలి ముట్టినట్టే; కూలి ముడుతున్నంత కాలం ఆ పని ఆగదు.

ఈ చికిత్సకు పునాది అయిన భావన సాదాసీదాది. మనిషి ప్రవర్తనలో చాలా భాగం నేర్చుకొన్నది. అది ఎలా నేర్చుకొన్నదో తెలిస్తే, అదే దారిలో కొత్తదాన్ని నేర్పవచ్చు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని సామెత ఉంది గాని, ఏది పుట్టుకతో వచ్చిందో, ఏది మధ్యలో అంటుకొన్నదో తేల్చుకోకుండానే ఆ సామెతను వాడేస్తూ ఉంటాం. కొందరు పుట్టుకతోనే త్వరగా బెదిరే స్వభావం కలవారన్న మాటను ఈ చికిత్స కాదనదు. అయితే లిఫ్టు భయం, గోళ్ళు కొరకడం, పనిని చివరి గంట దాకా వాయిదా వేయడం, మంచం ఎక్కగానే నిద్ర ఎగిరిపోవడం వంటివి చాలావరకు నేర్చుకొన్నవేనని, కాబట్టి మార్చుకోదగినవేనని అంటుంది.

భయం ఎలా పుడుతుంది, ఎలా నిలుస్తుంది

నేర్చుకోవడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది జతపడటం. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ పరిశోధనల్లోనే, ఆహారం నోటికి అందకముందే, దాన్ని తెచ్చే మనిషి కనబడగానే కుక్కల నోట లాలాజలం ఊరడం ఆయన గమనించాడు. ఆహారం వల్ల లాలాజలం ఊరడం సహజం. ఆహారానికి ముందు ప్రతిసారీ వినిపించే శబ్దం వల్ల ఊరడం నేర్చుకొన్నది. దీన్ని శాస్త్రీయ నిబంధనం అంటారు. 1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ ఈ సూత్రాన్ని ఒక పసివాడి మీద ప్రయోగించారు. ఆల్బర్ట్ అని వారు పేర్కొన్న ఆ పదకొండు నెలల బిడ్డ తెల్ల ఎలుకను తాకబోయినప్పుడు వెనక నుంచి ఉక్కు కడ్డీని సుత్తితో మోగించారు. కొద్దిసార్లకే, ఎలుక కనబడితే చాలు, బిడ్డ ఏడవసాగాడు. ఆ భయం అక్కడితో ఆగక కుందేలుకు, కుక్కకు, బొచ్చు కోటుకు కూడా పాకింది. ఇలా పాకడాన్ని సామాన్యీకరణం అంటారు. ఆ భయాన్ని పోగొట్టకుండానే బిడ్డను పంపించివేయడం ఆ ప్రయోగానికి చెరగని మచ్చ.

దానికి విరుగుడును 1924లో మేరీ కవర్ జోన్స్ చూపించింది. కుందేలంటే భయపడే పీటర్ అనే మూడేళ్ళ లోపు పిల్లవాడు ఇష్టమైన తిండి తింటూ ఉండగా, పంజరంలోని కుందేలును వాడు బెదరనంత దూరంలో ఉంచి, క్రమంగా దగ్గరకు జరిపించింది. భయం లేని ఇతర పిల్లలు కుందేలుతో ఆడుతుంటే వాడు చూసే ఏర్పాటు కూడా చేసింది. చివరికి కుందేలు తన వేళ్ళను మునిపళ్ళతో కొరుకుతున్నా పీటర్ చేయి వెనక్కి తీసుకోలేదు. ఆమెను ప్రవర్తన చికిత్సకు తల్లి అని పిలవడానికి ఈ ఒక్క పిల్లవాడి కథే కారణం.

రెండో దారి ఫలితం. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ తన పెట్టెల్లో బంధించిన పిల్లులు, తలుపు తెరుచుకొనేలా చేసిన కదలికలను క్రమంగా త్వరగా చేయడం నేర్చుకొన్నాయి. పనికిరాని కదలికలు రాలిపోయాయి. బి.ఎఫ్. స్కిన్నర్ ఈ భావనను విస్తరించి, ప్రవర్తన తరువాత వచ్చే ఫలితమే ఆ ప్రవర్తన మళ్ళీ జరగడాన్ని నిర్ణయిస్తుందని చూపాడు. విద్యా మనోవిజ్ఞానం చదివినవారికి ఇది కార్యసాధక నిబంధనంగా పరిచయమే. ప్రవర్తనను పెంచే ఫలితం పునర్బలనం, తగ్గించే ఫలితం శిక్ష.

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగక తప్పదు, ఎందుకంటే ఈ రంగంలో దీనంతగా అపార్థానికి గురైన మాట మరొకటి లేదు. ఋణాత్మక పునర్బలనం అనగానే చాలామంది, కొందరు ఉపాధ్యాయులు సైతం, శిక్ష అనుకొంటారు. ఋణాత్మకం అంటే ఏదో ఒకటి తీసివేయడం, పునర్బలనం అంటే ప్రవర్తన బలపడటం. బాధ కలిగించేది ఏదో తొలగిపోవడం వల్ల ఒక ప్రవర్తన బలపడితే అది ఋణాత్మక పునర్బలనం. తలనొప్పికి మాత్ర వేసుకోవడం, ఏడుస్తున్న బిడ్డ చేతికి ఫోను ఇచ్చి ఇంట్లో నిశ్శబ్దం సంపాదించడం, లిఫ్టు వదిలి మెట్లెక్కడం, ఈ మూడూ ఆ కోవలోకే వస్తాయి. 1947లో ఓ.హెచ్. మౌరర్ ఈ రెండు దారులనూ కలిపి, భయం మొదటి దారిలో పుట్టి రెండో దారిలో నిలుస్తుందని వివరించాడు. ఎప్పుడో ఒకసారి లిఫ్టులో ఇరుక్కుపోవడం భయాన్ని పుట్టించి ఉండవచ్చు; పదేళ్ళుగా దాన్ని బతికిస్తున్నది మాత్రం మెట్లు. లిఫ్టు ఎక్కకపోవడం వల్ల, లిఫ్టులో ఏమీ జరగదన్న సంగతి తెలుసుకొనే అవకాశమే ఆమెకు దక్కడం లేదు. ప్రతి భయం వెనకా ఇలాంటి ఒక సంఘటన ఉంటుందనుకోవలసిన పని లేదు. చూసి, విని కూడా భయాలు నేర్చుకొంటాం, కొన్నిటికి మొదలు ఎక్కడో తెలియదు. మొదలు దొరకకపోయినా చికిత్స ఆగదు. ప్రవర్తన చికిత్సలో నాకు బాగా నచ్చిన సౌలభ్యం ఇదే.

ముందు నోటుపుస్తకం, తరువాత మార్పు

మార్చుకోవాలన్న ఉత్సాహంలో చాలామంది మొదటి రోజే మార్పు మొదలుపెడతారు. అది తొందరపాటు. మొదటి వారం ఏమీ మార్చకుండా, జరుగుతున్నదాన్ని ఉన్నది ఉన్నట్టు రాయాలి. ప్రతి నమోదులో మూడు భాగాలు ఉండాలి: ప్రవర్తనకు సరిగ్గా ముందు ఏం జరిగింది, మీరు ఏం చేశారు, వెంటనే ఏం జరిగింది. వీటికి తోడు ఆందోళననో కోరికనో 0 నుంచి 100 లోపు ఒక అంకెతో కొలవాలి. ఈ కొలబద్దను వాడుకలోకి తెచ్చినవాడు జోసఫ్ వోల్పే. పూర్తి ప్రశాంతత 0, ఊహించగల గరిష్ఠ ఆందోళన 100.

మన ఉద్యోగిని పుస్తకంలో ఒక నమోదు ఇలా ఉంటుందనుకొందాం. మంగళవారం ఉదయం 9.10. ముందు: లిఫ్టు దగ్గర నలుగురు ఉన్నారు, నిన్న లిఫ్టు కాసేపు ఆగిపోయిందని సహోద్యోగి చెప్పిన మాట గుర్తొచ్చింది. చేసినది: ఫోను మాట్లాడుతున్నట్టు నటించి మెట్లెక్కాను. తరువాత: వెంటనే తేలికైంది, పావుగంటకు సిగ్గేసింది. ఆందోళన: లిఫ్టు ముందు 75, మెట్ల మీద 20.

ఈ నాలుగు వాక్యాలలో చాలా సమాచారం ఉంది. ఊరట రెండు క్షణాల్లో వచ్చింది, సిగ్గు పావుగంట తరువాత వచ్చింది. ప్రవర్తనను నడిపించేది ముందుగా చేరిన ఫలితమే. తనను తాను తిట్టుకోవడం వల్ల అలవాట్లు ఎందుకు మారవో ఈ ఒక్క నమోదు చెబుతుంది. నలుగురు ఉండటం, సహోద్యోగి మాట అనే రెండు సంకేతాలు కూడా ఇందులో దొరికాయి. ఒంటరిగా ఉన్న రోజు అంకె 60 ఉండి, గుంపుగా ఉన్న రోజు 75 ఉంటే, ఇరుక్కుపోవడం ఒక్కటే కాక, నలుగురి ముందు బెదిరిపోవడం కూడా ఆమె భయంలో భాగమని తేలుతుంది. అప్పుడు సాధన క్రమం కూడా దాన్ని బట్టి మారుతుంది.

రాసేటప్పుడు పేర్లు పెట్టవద్దు, పనులు రాయండి. "బద్ధకించాను" అన్నది తీర్పు; "పుస్తకం తెరిచి మూడు నిమిషాలకు ఫోను చేతిలోకి తీసుకొన్నాను" అన్నది ప్రవర్తన. మరొకరు చూసి లెక్కపెట్టగలిగేలా ఉంటేనే అది పనికొచ్చే నమోదు. లక్ష్యాన్ని రాసుకొనేటప్పుడు 1965లో ఓగ్డెన్ లిండ్స్‌లీ చెప్పిన ఒక పరీక్ష ఉపయోగపడుతుంది: శవం కూడా చేయగలిగినదాన్ని ప్రవర్తన అనకూడదు. "భయపడకూడదు", "కోప్పడకూడదు", "ఫోను చూడకూడదు" అన్నవి శవం మనకన్నా బాగా చేయగలదు. "రోజూ రెండుసార్లు లిఫ్టులో వెళ్ళడం", "కోపం వచ్చినప్పుడు గది బయటికి నడిచి పది నిమిషాల తరువాత తిరిగి వచ్చి మాట్లాడటం" అని రాసుకొంటే సాధన చేయడానికి ఒక పని దొరుకుతుంది.

వారం చివర వచ్చే సగటు మీ ఆరంభ రేఖ. ఇది లేకపోతే మూడు వారాల తరువాత మెరుగుపడ్డారో లేదో మనసుకు తోచినట్టు చెప్పవలసి వస్తుంది, మనసు ఇలాంటి విషయాల్లో నమ్మదగిన సాక్షి కాదు. లెక్కపెట్టడం మొదలుపెట్టగానే కొన్ని అలవాట్లు కాస్త తగ్గడం కూడా జరుగుతుంది. సంతోషించండి గాని దాన్నే చికిత్స అనుకోవద్దు.

భయాన్ని మెట్లు మెట్లుగా ఎదుర్కోవడం

దక్షిణాఫ్రికా వైద్యుడైన వోల్పే 1958లో వివరించిన సిస్టమాటిక్ డీసెన్సిటైజేషన్‌లో, అంటే భయాన్ని క్రమపద్ధతిలో తగ్గించే పద్ధతిలో, మూడు పనులు ఉన్నాయి. మొదట శరీరాన్ని సడలించడం నేర్చుకోవాలి. దీనికి ఎడ్మండ్ జాకబ్సన్ రూపొందించిన కండరాల సడలింపు పద్ధతిని ఆయన కుదించి వాడాడు. ఒక్కొక్క కండరాల గుంపును కొన్ని క్షణాలు బిగించి, ఒక్కసారిగా వదిలి, ఆ తేడాను గమనించడమే ఆ పద్ధతి. తరువాత భయపెట్టే సందర్భాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చుకోవాలి. ఆ తరువాత సడలింపులో ఉండి, ఒక్కొక్క సందర్భాన్ని ఊహించుకొంటూ పైకి వెళ్ళాలి. తరువాతి పరిశోధనలు ఇందులో అత్యవసరమైనది సడలింపు కాదని, ఎదుర్కోవడమేనని తేల్చాయి. అందువల్ల ఈనాడు వీలున్న చోటల్లా ఊహలో కాకుండా నిజంగా ఎదుర్కొనే పద్ధతికే, అంటే ఎక్స్‌పోజర్‌కే, ప్రాధాన్యం ఇస్తారు. విమానం ఎక్కడం వంటి, రోజూ చేయలేని వాటికి ఊహ ఇప్పటికీ పనికొస్తుంది.

లిఫ్టు భయానికి వరుస ఇలా పేర్చుకోవచ్చు. లిఫ్టు ఎక్కి దిగేవాళ్ళను ఐదు నిమిషాలు పక్కన నిలబడి చూడటం, 20. తలుపులు తెరిచి ఉండగా లోపల అడుగుపెట్టి బయటికి రావడం, 35. నమ్మకమైన మనిషి తోడుగా ఒక అంతస్తు వెళ్ళడం, 45. ఒంటరిగా ఒక అంతస్తు, 60. ఒంటరిగా ఏడంతస్తులు, 75. రద్దీ వేళ నిండిన లిఫ్టులో వెనక మూల నిలబడటం, 90. రెండు మెట్ల మధ్య అంతరం ఎక్కువైతే, ఉదాహరణకు 45 తరువాత ఒకేసారి 75 ఉంటే, మధ్యలో ఇంకొకటి కల్పించుకోవాలి. అంకెలు మీ సొంతం. ఇంకొకరి వరుసను నకలు చేసుకొంటే పనికిరాదు.

ప్రతి సాధనకు ముందు ఏం జరుగుతుందని భయపడుతున్నారో స్పష్టంగా రాయండి. "ఏదో అవుతుంది" అని రాస్తే దాన్ని పరీక్షించలేరు. "తలుపు మూసుకొన్న నిమిషంలోపు ఊపిరాడక స్పృహ తప్పుతాను, 80 శాతం నమ్ముతున్నాను" అని రాస్తే లిఫ్టు దానికి జవాబు చెప్పగలదు. లిఫ్టు గది గాలి చొరబడని పెట్టె కాదు, గాలి ఆడేందుకు రంధ్రాలు ఉంటాయి. అయితే ఈ సంగతి తెలిసినంత మాత్రాన భయం తగ్గదు; తెలుసుకోవడం వేరు, శరీరం నేర్చుకోవడం వేరు.

లిఫ్టు ప్రయాణం నిమిషం కూడా పట్టదు, ఇందులో ఒక చిక్కు ఉంది. పళ్ళు బిగబట్టి ఒక్కసారి వెళ్ళి, తలుపు తెరవగానే బయటపడితే, మళ్ళీ పారిపోయిన ఊరటే దక్కుతుంది. అందుకని జనం తక్కువగా ఉన్న వేళ చూసుకొని, అరగంటో ముప్పావుగంటో పైకీ కిందికీ తిరుగుతూ ఉండాలి. తొలి ప్రయాణంలో 60 ఉన్న అంకె నాలుగోసారికి 50, పదోసారికి 30 కావచ్చు. కొందరికి ఆ రోజు అంకె తగ్గకపోవచ్చు. అప్పుడు కూడా భయపడినది జరగలేదన్న అనుభవం వృథా పోదు. సాధన ముగిశాక, ముందు రాసుకొన్న వాక్యం కింద నిజంగా ఏం జరిగిందో రాయండి. ఒకే మెట్టును వేర్వేరు రోజుల్లో, అంకె సగానికి దిగేదాకా చేసి, తరువాతి మెట్టుకు వెళ్ళండి.

సాధన చేస్తున్నా ఫలితం లేదనేవారి విషయంలో కారణం తరచుగా ఒకచోట దొరుకుతుంది: రక్షణ చేష్టలు. చేతిలో నీళ్ళ సీసా, జేబులో మాత్ర, అలారం మీట పక్కనే నిలబడటం, కళ్ళు మూసుకొని అంకెలు లెక్కపెట్టడం, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ ఉండటం. ఇవి ఉన్నంతసేపూ మనసు "సీసా ఉండబట్టి బతికాను" అని లెక్క వేసుకొంటుంది. తొలి మెట్లలో ఒకటో రెండో ఉండనిచ్చినా, పైకి వెళ్ళేకొద్దీ వాటిని ఒక్కొక్కటిగా వదలాలి. పక్కన తోడు వచ్చే మనిషి కూడా రక్షణ చేష్టే. అందుకే పై వరుసలో తోడు ఒక్క మెట్టుకే ఉంది.

రక్తం, సూది, గాయం చూస్తే కలిగే భయం మాత్రం మిగతావాటికి భిన్నం. సాధారణంగా భయం వేసినప్పుడు రక్తపోటు పెరుగుతుంది, కాబట్టి కళ్ళు తిరిగినట్టు అనిపించినా స్పృహ తప్పడం అరుదు. ఈ భయంలో రక్తపోటు మొదట పెరిగి, తరువాత ఒక్కసారిగా పడిపోతుంది, మనిషి నిజంగానే పడిపోవచ్చు. ఇక్కడ సడలింపు చెడు చేస్తుంది. స్వీడన్‌కు చెందిన లార్స్ యోరన్ ఓస్ట్ రూపొందించిన బిగింపు పద్ధతిలో చేతులు, ఛాతీ, కాళ్ళ కండరాలను ముఖం వెచ్చబడేదాకా పది పదిహేను సెకన్లు బిగించి, తరువాత ఇరవై ముప్పై సెకన్లు మామూలు స్థితికి రానిచ్చి, ఇలా ఐదుసార్లు చేస్తారు. అది వచ్చాకే సూదులు, రక్తం ఉన్న చిత్రాలతో ఎదుర్కొనే సాధన మొదలుపెడతారు.

చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కోవడం, తాళం పదేపదే చూసుకోవడం వంటి ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, వదలని ఆలోచనలు, ఆపుకోలేని చేష్టల రుగ్మత) లక్షణాలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. 1966లో విక్టర్ మేయర్ చూపిన దారిలో, మురికి అనిపించినదాన్ని తాకించి, ఆ తరువాత కడుక్కోకుండా ఉండేలా సాయం చేస్తారు. కడుక్కోవడం వల్ల దక్కే ఊరటే ఆ ఆరాటాన్ని పోషిస్తున్నది కాబట్టి, రెండో భాగం లేకుండా మొదటి భాగం నిష్ఫలం. దీన్ని శిక్షణ పొందిన చికిత్సకుల పర్యవేక్షణలో చేయడమే మంచిది.

అలవాట్లు, వాయిదాలు, నిద్ర

గోళ్ళు కొరకడం, జుట్టు పీక్కోవడం వంటి అలవాట్లకు నాథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ 1973లో ఒక పద్ధతిని ప్రచురించారు. ఇలాంటి అలవాటు సగం తెలియకుండానే జరుగుతుంది కాబట్టి మొదటి పని దాన్ని పట్టుకోవడం. గోరు పంటి మధ్యకు చేరినప్పుడు గుర్తిస్తే ఆలస్యమైనట్టే. చేయి ఒడిలోంచి లేచినప్పుడు, అంతకుముందు బొటనవేలు గోటి అంచును తడిమినప్పుడు గుర్తించడం అలవడాలి. రెండో పని, ఆ క్షణంలో అలవాటుకు అడ్డుపడే మరో పని చేయడం: పిడికిలి సున్నితంగా బిగించి ఒక నిమిషం పైన ఉంచడం, లేదా పెన్ను గట్టిగా పట్టుకోవడం. ఎంచుకొన్న పని నలుగురిలో చేసినా ఎబ్బెట్టుగా ఉండకూడదు, లేకపోతే మూడో రోజుకే మానేస్తారు.

నిద్ర పట్టనివారి విషయంలో రిచర్డ్ బూట్జిన్ 1972లో ఒక సులువైన సంగతి పట్టుకొన్నాడు. మంచం మీద ఫోను చూస్తూ, లెక్కలు వేసుకొంటూ, నిద్ర రాలేదని గడియారం చూస్తూ గడిపేవారికి మంచం మెలకువతో జతపడిపోతుంది. కాబట్టి నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచం ఎక్కాలి. పావుగంట ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి మరో గదికి వెళ్ళి, మళ్ళీ కళ్ళు మూతలు పడినప్పుడే తిరిగి రావాలి. రాత్రి ఎంత తక్కువ నిద్రపోయినా ఉదయం ఒకే వేళకు లేవాలి. పగలు కునుకు తీయకూడదు. గడియారం చూసి నిమిషాలు లెక్కపెట్టవద్దు, అంచనా చాలు. మొదటి వారం నరకంగానే ఉంటుంది, ముందే చెప్పడం నయం. వాహనాలో యంత్రాలో నడిపేవారు ఈ వారాన్ని ఎంచుకొనేటప్పుడు జాగ్రత్తపడాలి.

కుంగుబాటులో తప్పించుకోవడం మరో రూపం ధరిస్తుంది. మనసు బాగోలేదని మనిషి పనులు, మనుషులు, నడక అన్నిటి నుంచీ వెనక్కి తగ్గుతాడు; వెనక్కి తగ్గినకొద్దీ సంతోషం కలిగే సందర్భాలు తగ్గి, మనసు మరింత కుంగుతుంది. పీటర్ లెవిన్సన్, చార్ల్స్ ఫెర్‌స్టర్ వంటివారు ఈ వలయాన్ని గుర్తించారు. చికిత్స దీన్ని మధ్యలో తెంచుతుంది: మనసు కుదుటపడ్డాక పని చేయవచ్చులే అని వేచి ఉండకుండా, పనిని గడియారానికి కట్టాలి. వారం పాటు గంట గంటకూ ఏం చేశారో రాసి, ప్రతి పనికీ కలిగిన ఆనందం ఎంత, చేయగలిగానన్న తృప్తి ఎంత అని 0 నుంచి 10 లోపు వేరువేరుగా అంకె వేయాలి. గిన్నెలు కడగడానికి ఆనందం 1, తృప్తి 6 రావచ్చు. రెండు గంటలు ఫోను చూడటానికి ఆనందం 3, తృప్తి 0 రావచ్చు. మరుసటి వారానికి అలాంటి ఒకటి రెండు పనులను, ఫలానా రోజు ఫలానా వేళకు అని, నవ్వొచ్చేంత చిన్నవిగా రాసుకోవాలి. "రోజూ వ్యాయామం" అని కాదు, "సోమవారం 6.30కి చెప్పులు వేసుకొని వీధి చివరిదాకా నడిచి రావడం". 1996లో నీల్ జాకబ్సన్ బృందం, ఈ క్రియాశీల భాగం ఒక్కటే ఆలోచనలను సరిదిద్దే పూర్తి చికిత్సకు దీటుగా పనిచేసిందని చూపడంతో దీనికి గౌరవం పెరిగింది. పనిని వాయిదా వేసే జబ్బుకు కూడా ఇదే మందు.

ప్రోత్సాహం, విరమణ, పిల్లలు

కొత్త ప్రవర్తనను నిలబెట్టడానికి పునర్బలనం కావాలి. అది వెంటనే రావాలి. నెలాఖరున ఇస్తానన్న పెద్ద బహుమతి కన్నా ఈ క్షణంలో అన్న ఒక మంచి మాట బలమైనది. మాట కూడా ఏ పనిని మెచ్చుకొంటున్నదో చెప్పాలి: "మంచివాడివి" అనడం కన్నా "పిలవగానే పుస్తకాలు సర్దేశావు" అనడం మేలు. మొదటి నుంచే పూర్తి ప్రవర్తన రాదు, కాబట్టి దానికి దగ్గరగా ఉన్న ప్రతి అడుగునూ గుర్తిస్తూ క్రమంగా మలచాలి. బహుమతి తోచకపోతే డేవిడ్ ప్రెమాక్ 1959లో చెప్పిన సూత్రం ఉంది: తరచుగా, ఇష్టంగా చేసే పనిని అరుదుగా చేసే పనికి బహుమతిగా వాడవచ్చు. ఆట ముందు, చదువు తరువాత అన్న వరుసను తిరగేస్తే చాలు.

పునర్బలనాన్ని ఆపివేస్తే ప్రవర్తన క్రమంగా తగ్గిపోవడం విరమణ. చెప్పడానికి తేలిక, చేయడం కష్టం. పిల్లవాడు దుకాణంలో బొమ్మ కోసం ఏడుస్తాడనుకొందాం. ఇప్పటిదాకా ఏడ్చినప్పుడల్లా దొరికింది, ఈ రోజు నుంచి ఇవ్వకూడదని తల్లిదండ్రులు నిశ్చయించుకొన్నారు. మొదట ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. గొంతు చించుకొంటాడు, నేల మీద దొర్లుతాడు. ఆ పదో నిమిషంలో అందరూ చూస్తున్నారని బొమ్మ కొనిచ్చేస్తే, పది నిమిషాలు దొర్లితే పని జరుగుతుందని వాడికి పాఠం చెప్పినట్టే. పైగా కొన్నిసార్లు దొరికి, కొన్నిసార్లు దొరకని ప్రవర్తన, ప్రతిసారీ దొరికే దానికన్నా మొండిగా నిలుస్తుంది. జూదం మానడం ఎందుకంత కష్టమో ఇక్కడే అర్థమవుతుంది. కాబట్టి చివరిదాకా నిలబడగలమన్న నమ్మకం ఉంటేనే విరమణ మొదలుపెట్టాలి, ఇంట్లో ఉన్న పెద్దలందరూ దానికి ఒప్పుకోవాలి, వాడు మామూలుగా అడిగిన సందర్భాలను తప్పకుండా గుర్తించాలి. తలను గోడకు కొట్టుకోవడం వంటి ప్రమాదకర ప్రవర్తనలను పట్టించుకోకుండా ఊరుకొనే ప్రయోగం ఇంట్లో చేయకూడదు.

శిక్ష గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. అది ఏం చేయకూడదో చెబుతుంది గాని ఏం చేయాలో నేర్పదు, శిక్షించే మనిషి ఎదుట లేనప్పుడు పాత ప్రవర్తన తిరిగి వస్తుంది, భయం మాత్రం ఆ మనిషితో జతపడి మిగిలిపోతుంది. ఒకప్పుడు విద్యుత్ షాకులు, వాంతి మందులతో చేసిన చికిత్సలు ఈ రంగం చరిత్రలో గర్వపడదగినవి కావు.

ఎప్పుడు ఒంటరిగా చేయకూడదు

ఒక జంతువు భయం, ఒక చిన్న అలవాటు, పని వాయిదా వంటివాటిని సొంతంగా సాధన చేసుకోవచ్చు. ఘోరమైన సంఘటన తాలూకు జ్ఞాపకాలు వెంటాడుతున్నప్పుడు, తిండి మానేయడమో తిన్నది కక్కుకోవడమో ఉన్నప్పుడు, ఓసీడీ రోజులో గంటలు తినేస్తున్నప్పుడు, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నప్పుడు, గర్భిణిగా ఉన్నప్పుడు ముందుగా వైద్యులను, క్లినికల్ సైకాలజిస్టును కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచనలు ఉంటే నోటుపుస్తకం పక్కన పెట్టి ఆ రోజే సాయం కోరాలి. చాలాకాలంగా ఎక్కువగా మద్యం తాగుతున్నవారు దాన్ని అలవాటు మార్పుగా భావించి ఉన్నపళంగా మానకూడదు. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. చికిత్సకులను ఎంచుకొనేటప్పుడు, ఇంటికి ఏం సాధన ఇస్తారు, మెరుగుదలను దేనితో కొలుస్తారు అని అడగండి. ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే అక్కడ జరిగేది ప్రవర్తన చికిత్స కాదు.

తగ్గిన భయం తిరిగి వచ్చినప్పుడు

భయాన్ని ఎదుర్కొనే సాధన కూడా ఒక రకం విరమణే. విరమణ పాత పాఠాన్ని చెరిపివేయదు, దాని మీద కొత్త పాఠం రాస్తుంది. శబ్దానికి లాలాజలం ఊరడం ఆగిపోయిన కుక్కలకు కొంత విరామం తరువాత మళ్ళీ ఊరడం పావ్లోవ్ స్వయంగా చూశాడు. దీన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. కొత్త పాఠం అది నేర్చుకొన్న చోటుకు అంటిపెట్టుకొని ఉంటుంది కాబట్టి, కార్యాలయం లిఫ్టులో ధైర్యంగా తిరిగే మనిషి తెలియని భవనంలోని ఇరుకు లిఫ్టు ముందు తడబడవచ్చు. దీనికి ముందుజాగ్రత్తగా సాధనను వేర్వేరు లిఫ్టుల్లో, వేర్వేరు వేళల్లో, తోడుతో, తోడు లేకుండా చేయాలి.

అయినా మన ఉద్యోగిని నెల రోజుల సెలవు తరువాత తిరిగి వచ్చిన ఉదయం లిఫ్టు ముందు మళ్ళీ 65 నమోదు కావచ్చు. ఆ రోజు మెట్లు ఎక్కవచ్చు కూడా. అది మొదటికి రావడం కాదు. సాయంత్రం జనం పలచబడ్డాక, కొత్త పేజీలో తేదీ వేసి, "తలుపు మూసుకొన్న నిమిషంలోపు" అన్న వాక్యాన్ని ఈ రోజు ఎంత శాతం నమ్ముతున్నదో రాసి, ఒకే ఒక అంతస్తు మీట నొక్కి, అరగంట పాటు పైకీ కిందికీ తిరగాలి.